బ్రాకెట్ల నడుమ నిలిచిన మాట: వాతావరణ దౌత్యం, చంద్రశేఖర్ దాస్‌గుప్తా

దౌత్యం అనగానే యుద్ధ విరమణలూ సరిహద్దు ఒప్పందాలూ వాణిజ్య సంధులూ స్ఫురించడం సహజమే గాని, ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దంలో ఆ పాత వృత్తికి అంతవరకు లేని కొత్త కొమ్మ ఒకటి చిగురించింది. పొగగొట్టాల నుంచి, వాహనాల నుంచి, పొలాల నుంచి గాలిలో కలిసి భూమి వేడిని పట్టి ఉంచే వాయువులను ఏ దేశం ఎంత తగ్గించుకోవాలి, అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి, ఆ లెక్క ఎవరు చూడాలి అన్న ప్రశ్నలకు దాదాపు రెండు వందల దేశాలు తలూపగల సమాధానాన్ని వాక్యాలుగా కూర్చడం ఈ కొమ్మకు అప్పగించిన పని. ఈ పని చేసే దౌత్యవేత్త చేతికి చివరకు దక్కేది భూభాగమూ కాదు, సుంకాల్లో రాయితీ అంతకన్నా కాదు; కొన్ని పుటల ఒడంబడిక, అందులో తన దేశానికి ఆసరాగా నిలిచే నాలుగైదు పదాలు. ఆ పదాలకు అంత విలువ ఎలా వచ్చిందో, వాటిని కాపాడటమే జీవితకాలపు వృత్తిగా ఎలా మారిందో తెలుసుకోవడానికి భారత విదేశాంగ సర్వీసుకు చెందిన చంద్రశేఖర్ దాస్‌గుప్తా (1940–2023) ప్రస్థానం మంచి ఆధారం. 1991, 1992 సంవత్సరాల్లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు ఒడంబడిక రాతకు వచ్చినప్పుడు భారత బృందానికి నాయకత్వం వహించినది ఆయనే.

ఉమ్మడి వనరు పంపకం ఎంత చిక్కైనదో తెలుగువారికి కృష్ణా జలాల తగవు ఎప్పుడో నేర్పింది. 1973లో బచావత్ ట్రిబ్యునల్ ఆ నదిలో 75 శాతం విశ్వసనీయతతో లభించే 2,060 టీఎంసీల నీటిని, అంటే వంద కోట్ల ఘనపుటడుగులను ఒక టీఎంసీగా లెక్కకట్టిన నీటిని, మూడు రాష్ట్రాలకు పంచినప్పుడు 1960 నాటికే ఏర్పడిన వాడకానికి రక్షణ కల్పించింది. ముందుగా వాడుకున్నవారి వాడకం అక్కడ హక్కుగా లెక్కకు వచ్చింది. గాలి విషయంలో వర్ధమాన దేశాలు లేవనెత్తిన వాదం దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది: నూటయాభై ఏళ్లపాటు బొగ్గు, చమురు మండించి ఆకాశంలో చోటు ముందే ఆక్రమించుకున్న దేశాలకు ఆ వాడకం హక్కు కాదు, మిగతా లోకానికి తీర్చవలసిన బాకీ. నదికైతే తీర్పు చెప్పే ట్రిబ్యునల్ ఉంది. గాలికి అలాంటి న్యాయపీఠం ఏదీ లేనందువల్ల కక్షిదారులే ఒకచోట కూర్చుని తమ తీర్పు తామే రాసుకోవలసి వచ్చింది. వాతావరణ దౌత్యవేత్త వృత్తి ఈ లోటు నుంచే పుట్టింది.

వేదిక ఎవరిదన్న తొలి తగవు

పర్యావరణం అంతర్జాతీయ రాజకీయాల్లోకి ప్రవేశించిన 1972 నాటి స్టాక్‌హోమ్ సదస్సుకు, ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని ఒలోఫ్ పాల్మేను మినహాయిస్తే, ప్రభుత్వాధినేతల్లో హాజరైనది ఇందిరా గాంధీ ఒక్కరే. పేదరికాన్ని పక్కనబెట్టి ప్రకృతి రక్షణ గురించి మాట్లాడటం కుదరదని అక్కడ ఆమె చెప్పిన మాట తరవాతి కాలపు భారత దౌత్యానికి పునాది రాయి అయింది గాని, అప్పటికి భూతాపం ఇంకా శాస్త్రజ్ఞుల పరిశోధన విషయంగానే ఉంది. అది దేశాల మధ్య తగవుగా మారింది 1988లో. ఆ ఏడాది మాల్టా అనే చిన్న ద్వీపదేశం భూగోళపు వాతావరణాన్ని మానవాళి ఉమ్మడి వారసత్వంగా ప్రకటించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభను కోరగా, డిసెంబరు 6న ఆమోదం పొందిన తీర్మానంలో ‘వారసత్వం’ స్థానంలో ‘ఉమ్మడి ఆందోళన’ అన్న మాట చేరింది. వారసత్వం అన్నప్పుడు యాజమాన్యం, వాటాలు అన్న ప్రశ్నలు తోసుకొస్తాయి; ఆందోళన అన్నప్పుడు అలాంటి పేచీ తక్కువ. మొదటి తీర్మానంలోనే జరిగిన ఈ మార్పు రాబోయే దశాబ్దాల చర్చల తీరుకు చిన్న నమూనా.

అదే ఏడాది ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి ఐపీసీసీ పేరుతో ప్రసిద్ధమైన అంతర్ ప్రభుత్వ శాస్త్రజ్ఞుల సంఘాన్ని నెలకొల్పాయి. 1990లో దాని తొలి నివేదిక వెలువడిన తరవాత ఒడంబడిక అవసరమన్న విషయంలో పెద్దగా విభేదం లేకపోయినా, దాన్ని ఎవరి పర్యవేక్షణలో రాయాలన్న దగ్గర తగవు మొదలైంది. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ప్రోటోకాల్ పర్యావరణ కార్యక్రమం చేతుల మీదుగా నడిచింది గనుక, వాతావరణ ఒడంబడిక కూడా ఆ సాంకేతిక సంస్థల గొడుగు కిందే తయారవుతుందని చాలామంది అనుకున్నారు. అయితే ఆ ప్రోటోకాల్‌లో చేరాలంటే కొత్త సాంకేతికతకయ్యే అదనపు ఖర్చు సంపన్న దేశాలు భరించాలని పట్టుబట్టిన భారత్, చైనాలు 1990 జూన్‌లో లండన్ సమావేశంలో ప్రత్యేక నిధిని సాధించుకున్న అనుభవంతో ఉన్నాయి. విషయం సాంకేతికంగా కనిపించినా సారాంశంలో ఆర్థికమైనదని, అందువల్ల ప్రతి దేశానికీ సమాన స్థానం ఉండే సర్వసభ్య సభ కిందే చర్చలు సాగాలని వర్ధమాన దేశాలు వాదించి నెగ్గాయి. 1990 డిసెంబరు 21న సభ ఆమోదించిన 45/212 సంఖ్య గల తీర్మానం అంతర్ ప్రభుత్వ చర్చల సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆ ఒక్క నిర్ణయంతో కలం వాతావరణ శాస్త్రజ్ఞుల చేతి నుంచి దౌత్యవేత్తల చేతికి మారింది.

భారత్‌లోనూ ఇదే మార్పు కనిపించింది. 1962లో విదేశాంగ సర్వీసులో చేరి, మూడు దశాబ్దాల అనుభవంతో ఉన్న దాస్‌గుప్తా విదేశాంగ శాఖ తరఫున ఈ చర్చల బాధ్యత తీసుకున్నారు. ఆయన శాస్త్రజ్ఞుడు కాదు. చరిత్ర రచన మీద ఆసక్తి గలవాడు. కాశ్మీర్‌లో 1947–48 నాటి యుద్ధదౌత్యం మీద 2002లో, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంలో భారత్ పాత్ర మీద 2021లో ఆయన వెలువరించిన గ్రంథాలు పాత పత్రాలను పదం పదం పరిశీలించే అలవాటుకు సాక్ష్యాలు. ఏ పత్రంలో ఏ మాట ఎందుకు చేరింది, ఎవరు చేర్పించారు, ఎవరు తీయించారు అని అడగడం చరిత్రకారుడి పని. ఆ ప్రశ్నలనే పత్రం తయారవుతున్నప్పుడే వేయడం వాతావరణ దౌత్యవేత్త పని అనుకుంటే, ఈ రెండు వృత్తుల మధ్య దూరం పైకి కనిపించేంత లేదు.

మొత్తమా, తలసరా?

చర్చలు మొదలయ్యే వేళకు దేశాల బాధ్యతను ఏ కొలబద్దతో కొలవాలన్న వివాదం రాజుకుంది. వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ వనరుల సంస్థ 1990లో వెలువరించిన నివేదికలో అడవుల నరికివేతనూ, పశువుల నుంచి, వరిపొలాల నుంచి వెలువడే మీథేన్ వాయువునూ కలిపి లెక్కించడంతో అత్యధిక ఉద్గారాలున్న దేశాల తొలి వరుసలోకి బ్రెజిల్, చైనా, భారత్ వచ్చి చేరాయి. ఉద్గారాలు అంటే మనుషుల కార్యకలాపాల వల్ల గాలిలోకి వెలువడే వాయువుల రాశి. ఈ లెక్కను ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రానికి చెందిన అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో ఒక చిన్న పుస్తకంతో తిప్పికొట్టారు. సముద్రాలు, అడవులు పీల్చుకునే భాగాన్ని భూమి మీది మనుషులందరికీ సమానంగా పంచి, ఆ వాటాకు మించి వెలువరించిన దాన్నే కాలుష్యంగా లెక్కించాలన్నది వారి వాదం. తిండి కోసం వరి నాటే రైతు పొలం నుంచి వచ్చే వాయువునూ విలాసానికి నడిపే కారు పొగనూ ఒకే గాటన కట్టడం అన్యాయమన్న వారి అభ్యంతరం, వరిసాగు మీద బతికే కృష్ణా, గోదావరి డెల్టాల వంటి ప్రాంతాలకు నేరుగా సంబంధించినది. ఒక స్వచ్ఛంద సంస్థ లేవనెత్తిన తలసరి సమానత్వ వాదం భారత ప్రభుత్వ వైఖరికి వెన్నెముక అయింది. దాన్ని ఒడంబడిక భాషలోకి మార్చే పని దాస్‌గుప్తా బృందం మీద పడింది.

రాత గదిలో పనితీరు

చర్చల సంఘం తొలి సమావేశం 1991 ఫిబ్రవరిలో వాషింగ్టన్ సమీపంలోని షాంటిలీలో జరిగింది. తరవాత జెనీవా, నైరోబీ, మళ్లీ జెనీవా తిరిగి 1992లో న్యూయార్క్ చేరింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రిపేర్ అధ్యక్షుడు కాగా, భారత్ నుంచి దాస్‌గుప్తా, అర్జెంటీనా నుంచి రౌల్ ఎస్ట్రాడా ఒయుయెలా, అల్జీరియా నుంచి అహ్మద్ జోగ్లాఫ్, రొమేనియా నుంచి ఇయాన్ డ్రగీచీ ఉపాధ్యక్షులయ్యారు. కార్యదర్శి వర్గాన్ని మాల్టాకు చెందిన మైకేల్ జమిట్ కుటయార్ నడిపారు. వీరిలో పలువురు ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి ఇదే చర్చలను అంటిపెట్టుకుని ఉండటం వల్ల, ఒక పదవిలో చేసే తాత్కాలిక విధిగా మొదలైన పని క్రమంగా ప్రత్యేక వృత్తిగా రూపు కట్టింది.

ఆ వృత్తికి తనదైన పరిభాష కూడా ఏర్పడింది. ముసాయిదాలో ఏ మాట మీదైనా అభ్యంతరం ఉంటే దాన్ని చదరపు బ్రాకెట్లలో పెడతారు; బ్రాకెట్లలో ఉన్నంతకాలం ఆ మాట ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఏ దేశానికీ అంటగట్టకుండా ఆలోచనను పరీక్షకు పెట్టేందుకు పంచే కాగితాన్ని ‘నాన్ పేపర్’ అంటారు. చిక్కుముడి పడ్డ వాక్యాన్ని విప్పే బాధ్యత కొద్దిమందితో కూడిన ‘కాంటాక్ట్ గ్రూపు’ది, అక్కడా తెగకపోతే, అనువాదకులు గానీ నమోదు గానీ లేని అనధికార సంప్రదింపులకు పోతారు. నిద్రలేని రాత్రుల్లో, ఇంగ్లిషు తమ మాతృభాష కాని దేశాల ప్రతినిధులు సగం అర్థమైన వాక్యాలకు తలూపే ప్రమాదం ఉన్న గదుల్లో, బ్రాకెట్లు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఏ మాటకు బదులుగా తీసేయాలో తెలియడమే ఇందులోని నేర్పు.

బృందాల సమీకరణ మరో నేర్పు. జీ-77 పేరుతో కలిసి కూర్చునే వర్ధమాన దేశాలన్నిటి ప్రయోజనాలూ ఒకటి కావు. సముద్రమట్టం పెరిగితే మునిగిపోయే చిన్న ద్వీపదేశాలు 1990లో కూటమిగా ఏర్పడి కఠినమైన తగ్గింపులు కోరాయి. చమురు అమ్ముకుని బతికే దేశాలకు ఏ తగ్గింపూ గిట్టదు. భారత్, చైనాలు తగ్గింపు భారం సంపన్న దేశాలదే అన్న గీతను కాపాడుకోవాలని చూశాయి. అటువైపు యూరప్ దేశాలు కాలవ్యవధితో కూడిన లక్ష్యాలకు సిద్ధపడగా, అమెరికా ఏ లక్ష్యానికీ కట్టుబడనని భీష్మించింది. ఇన్ని ముక్కలైన గదిలో తన పక్షాన్ని ఒకే మాట మీద నిలిపి ఉంచడం ఎదుటి పక్షంతో వాదించడం కంటే కష్టమైనది.

ఒడంబడికలో మిగిలినవి

1992 ఏప్రిల్‌లో ప్యారిస్‌లో ముఖ్య దేశాలతో సంప్రదించిన రిపేర్ తన రాజీ ముసాయిదాను సిద్ధం చేశారు. దాని మీద చివరి పెనుగులాట తరవాత మే 9న న్యూయార్క్‌లో 26 అధికరణాల ఒడంబడిక ఆమోదం పొందింది. జూన్‌లో రియో సదస్సులో దేశాలు సంతకాలు చేయగా, 1994 మార్చి 21న అది అమలులోకి వచ్చింది. ప్రపంచమంతటికీ తలసరి ఉద్గారాలు ఒకే స్థాయికి చేరాలన్న భారత్ కోరిక అధికరణంగా నిలవలేదు. అయితే చారిత్రక ఉద్గారాల్లో అత్యధిక భాగం సంపన్న దేశాలదేననీ, వర్ధమాన దేశాల తలసరి ఉద్గారాలు ఇంకా తక్కువేననీ గుర్తించే వాక్యం పీఠికలో చేరింది. అధికరణంగా నిలవని వాదాన్ని పీఠికలోనైనా దాచి ఉంచడం దౌత్యంలో పాత ఆనవాయితీ.

మూడో అధికరణంలోని మొదటి సూత్రం మాత్రం గట్టి గెలుపు. వాతావరణ రక్షణ అందరి బాధ్యత అయినా అందరిదీ ఒకే రకమైన బాధ్యత కాదనీ, ఎవరి స్తోమతను బట్టి వారు పూనుకోవాలనీ, సంపన్న దేశాలు ముందు నడవాలనీ అది చెబుతుంది. ‘ఉమ్మడిగా ఉంటూనే వేర్వేరైన బాధ్యతలు’ అన్న ఈ భావన తరవాత భారత దౌత్యానికి మంత్రాక్షరం అయింది. దీన్ని అడ్డుకోలేకపోయిన అమెరికా ప్రతినిధులు పదును తగ్గించే పని చూసుకున్నారు: సూత్రాలు కేవలం మార్గదర్శకాలని, ఇవే కాక మరికొన్నీ ఉండవచ్చని ధ్వనించే మాటలు అధికరణం మొదట్లో పెట్టించారు, అధికరణాల శీర్షికలు చదువరి సౌకర్యం కోసమేనని మొదటి అధికరణానికి పాదసూచిక రాయించారు. ఆ చిన్న పాదసూచికతో ‘సూత్రాలు’ అన్న శీర్షికకు చట్టపరమైన బరువు తగ్గుతుందన్నది వారి లెక్క.

నాలుగో అధికరణంలో మరో హస్తలాఘవం కనిపిస్తుంది. బ్రిటన్ పర్యావరణ మంత్రి మైకేల్ హోవర్డ్ అమెరికాతో మంతనాలాడి కుదిర్చిన సూత్రం ప్రకారం, దశాబ్దం చివరికి ఉద్గారాలు పూర్వస్థాయికి రావడం మంచిదన్న మాట ఒక ఉపభాగంలోనూ, 1990 స్థాయి అన్న మాట వేరొక ఉపభాగంలోనూ చేరాయి. రెండూ కలిపి చదివితే లక్ష్యంలా కనిపిస్తుంది. విడదీసి చదివితే ఎవరినీ కట్టిపడేయదు. అదే అధికరణంలోని ఏడో భాగం వర్ధమాన దేశాలకు దక్కింది: వాటి కర్తవ్యం ఎంతవరకు నెరవేరుతుందన్నది సంపన్న దేశాలు ఇచ్చే నిధుల మీద, సాంకేతికత మీద ఆధారపడి ఉంటుందని, ఆర్థికాభివృద్ధి, పేదరిక నిర్మూలన వాటి తొలి ప్రాధాన్యాలని అది స్పష్టం చేస్తుంది. దీనికి తోడు రెండు అనుబంధాలు చేరాయి. ఉద్గారాలు తగ్గించవలసిన పారిశ్రామిక దేశాల జాబితా మొదటిది. వాటిలో నిధులు కూడా ఇవ్వవలసిన, నాటి ఓఈసీడీ సంపన్న కూటమిలోని దేశాల జాబితా రెండోది. సూత్రాన్ని పేర్ల జాబితాగా మార్చడం వల్ల బాధ్యతల తేడాకు గోడ లేచింది. ఆ తరవాతి పాతికేళ్ల చరిత్ర అంతా ఆ గోడను కొందరు కూల్చబోవడం, మరికొందరు కాపు కాయడం.

ఓటు లేని సభ

ఒడంబడిక పక్షాల తొలి సదస్సు 1995లో బెర్లిన్‌లో నాటి జర్మనీ పర్యావరణ మంత్రి ఏంజెలా మెర్కెల్ అధ్యక్షతన జరిగింది. ‘కాప్’ అన్న పేరుతో ఏటా జరిగే సదస్సుల పరంపరకు అది మొదలు. చమురు ఎగుమతి దేశాల అభ్యంతరం వల్ల ఓటింగుకు సంబంధించిన నియమం అక్కడ ఆమోదం పొందలేదు, ఈనాటికీ పొందలేదు. ఈ లోపమే వృత్తి స్వభావాన్ని నిర్ణయించింది. ఓటు లేనిచోట ఏకాభిప్రాయం కావాలి, ఏకాభిప్రాయం అంటే ఎవరూ లేచి అభ్యంతరం చెప్పకపోవడం; కాబట్టి చిన్న దేశపు ప్రతినిధి ఎత్తిన చేయికైనా సిద్ధాంతరీత్యా పెద్ద దేశంతో సమానమైన బలం ఉంటుంది, ఆ చేయిని అధ్యక్షుడు చూశాడా లేదా అన్నదే మిగిలే ప్రశ్న. బెర్లిన్‌లో భారత్ చమురు దేశాలను పక్కనబెట్టి నలభైకి పైగా వర్ధమాన దేశాలను కూడగట్టి తెచ్చిన పత్రం, వర్ధమాన దేశాలకు కొత్త బాధ్యతలు లేకుండా సంపన్న దేశాలకే లక్ష్యాలు పెట్టే ప్రోటోకాల్ రాయాలన్న ‘బెర్లిన్ ఆదేశా’నికి బాట వేసింది.

ఆ సమయానికి దాస్‌గుప్తా చైనాలో భారత రాయబారి. 1996 నుంచి 2000 వరకు బ్రస్సెల్స్‌లో యూరప్ కూటమి దగ్గర రాయబారి. వాతావరణ చర్చల్లో ఆయన సహచరుడైన ఎస్ట్రాడా కూడా బీజింగ్‌లో అర్జెంటీనా రాయబారిగా ఉంటూనే, బెర్లిన్ ఆదేశం కింద ఏర్పడిన చర్చల బృందానికి అధ్యక్షత వహించారు. 1997 డిసెంబరులో క్యోటోలో చివరి రాత్రి తెల్లవారేదాకా సాగి, అనువాదకులు సైతం వెళ్లిపోయిన దశలో, ఒక్కో అధికరణాన్నీ సుత్తి దెబ్బతో ఆమోదింపజేసినవాడు ఎస్ట్రాడాయే. వర్ధమాన దేశాలు స్వచ్ఛందంగా పరిమితులు స్వీకరించే వీలు కల్పించే అధికరణాన్ని భారత్, చైనా తదితర దేశాలు ప్రతిఘటించడంతో ఆయన దాన్ని ముసాయిదా నుంచి తొలగించారు. పారిశ్రామిక దేశాలు 2008–2012 మధ్య ఉద్గారాలను 1990 స్థాయి కంటే సగటున 5.2 శాతం తగ్గించాలని ప్రోటోకాల్ నిర్దేశించినా, 2001లో అమెరికా తప్పుకోవడంతో అది కుంటుపడింది. బ్రెజిల్ చేసిన జరిమానా నిధి ప్రతిపాదన చర్చల్లో రూపు మారి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంగా తేలింది. వర్ధమాన దేశంలో ఆదా అయిన ఉద్గారాలను సంపన్న దేశం కొనుక్కుని తన ఖాతాలో జమ వేసుకునే పద్ధతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో ఊక వంటి జీవద్రవ్యంతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రాలు కొన్ని ఈ యంత్రాంగం కింద నమోదయ్యాయి. అలా క్యోటోలో తెల్లవారుజామున కుదిరిన వాక్యం రైస్ మిల్లు ఊకకు కొత్త ధర కల్పించింది.

వాక్యంలో స్థానం, బృందంలో చీలిక

పదం కంటే పదం కూర్చున్న చోటు ముఖ్యమని 2007 డిసెంబరులో బాలి సదస్సు నిరూపించింది. వర్ధమాన దేశాలు తీసుకునే చర్యలు ‘కొలవదగినవి, నివేదించదగినవి, సరిచూడదగినవి’గా ఉండాలన్న విశేషణాలు ముసాయిదాలో ఆ చర్యలకు అంటుకుని ఉండగా, భారత బృందం వాటిని వాక్యం చివరకు జరపాలని పట్టుబట్టింది. అలా జరిగితే చర్యలతో పాటు సంపన్న దేశాలు ఇచ్చే నిధులకు, సాంకేతికతకు కూడా అదే కొలమానం వర్తిస్తుంది. గడువు దాటి సాగిన సభలో అమెరికా మొదట నిరాకరించి, చుట్టూ వచ్చిన నిరసనకు చివరకు తలవంచింది. ఇచ్చేవాడి లెక్క కూడా చూడాలన్న పాత వాదం, విశేషణాల స్థానం మారడంతో ఒడంబడిక పరిభాషలోకి ప్రవేశించింది.

అప్పటికి పదవీ విరమణ చేసిన దాస్‌గుప్తా, ఢిల్లీలోని టెరి పరిశోధనా సంస్థలో ఉంటూ, ప్రధానమంత్రి వాతావరణ మండలి సభ్యుడిగా, చర్చల బృందంలో సలహాదారుగా కొనసాగుతున్నారు. 2008లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కాపాడుతూ వచ్చిన వైఖరికి ఇంటిలోనే పరీక్ష ఎదురైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికై పర్యావరణ మంత్రి అయిన జైరాం రమేశ్, భారత్ అడ్డుపుల్లలు వేసే దేశమన్న పేరు పోగొట్టుకోవాలని భావించి, 2009 డిసెంబరు 3న లోక్‌సభలో 2020 నాటికి ఉద్గార తీవ్రతను 2005 స్థాయి కంటే 20–25 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. ఉద్గార తీవ్రత అంటే ఉత్పత్తి అయిన ప్రతి రూపాయి సంపదకు వెలువడే వాయువుల రాశి. దాన్ని తగ్గించినా మొత్తం ఉద్గారాలు పెరిగే వీలుంటుంది గనుక అభివృద్ధికి ఆటంకం లేదన్నది మంత్రి వాదన. బదులుగా ఏమీ తీసుకోకుండా ముందే ఇచ్చేయడం బేరానికి చేటని పాత తరం దౌత్యవేత్తల భయం. మంత్రి వైఖరి మీద స్పష్టత కోరుతూ దాస్‌గుప్తా, మాజీ పర్యావరణ కార్యదర్శి ప్రదీప్తో ఘోష్ ఆ నెల సదస్సు జరిగే కోపెన్‌హాగెన్‌కు ప్రయాణాన్ని ఆపుకున్నారన్న వార్త అప్పట్లో పత్రికలకెక్కింది.

ఈ తగవును మొండితనానికీ ఉదారతకూ మధ్య పోటీగా చూడటం సులువే గాని, నిజానికి అది రెండు రకాల కాలజ్ఞానాల మధ్య తేడా. రాజకీయ నాయకుడికి సదస్సు ముగిసే సాయంత్రం దేశానికి వచ్చే పేరు ముఖ్యం. దౌత్యవేత్తకు ఇరవై ఏళ్ల తరవాత ఎదుటి పక్షం న్యాయవాది ఆ వాక్యాన్ని ఎలా చదువుతాడన్నది ముఖ్యం. మరోపక్క, 1992 తరవాత లోకం మారిపోయిందన్న మంత్రి వాదనను తోసిపుచ్చడమూ కష్టమే: మొదటి అనుబంధంలో లేని చైనా అప్పటికే వార్షిక ఉద్గారాల్లో అమెరికాను దాటింది. డిసెంబరు 18న భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా అధినేతలు కూర్చున్న గదిలోకి అమెరికా అధ్యక్షుడు ఒబామా వచ్చి కలవగా కుదిరిన కోపెన్‌హాగెన్ ఒప్పందం, వృత్తి దౌత్యవేత్తలు రెండేళ్లు శ్రమించిన ముసాయిదాలను దాటుకుని పైనుంచి దిగివచ్చింది. వెనెజులా, బొలీవియా, తువాలు వంటి దేశాలు ఎదురు తిరగడంతో సభ దాన్ని ఆమోదించలేదు, కేవలం ‘గమనించింది’. అధినేతల మాటకు కూడా ఓటు లేని సభలో అంతకు మించిన స్థానం దొరకలేదు.

గోడ కరిగిన తీరు

ఆ తరవాత అనుబంధాల గోడను ఎవరూ ఒక్క దెబ్బతో కూల్చలేదు. అది పదం పదంగా కరిగింది. 2011లో డర్బన్‌లో రాబోయే ఒప్పందం అన్ని పక్షాలకూ వర్తిస్తుందని అంగీకరించవలసి వచ్చినప్పుడు, మంత్రి జయంతీ నటరాజన్ సమానత్వం గురించి తీవ్రంగా వాదించగా, చివరకు ‘చట్టబలం గల అంగీకృత ఫలితం’ అన్న మాట రాజీ కుదిర్చింది. 2013లో వార్సాలో ‘నిబద్ధతలు’ అన్న మాట బదులు ‘వంతులు’ అన్న అర్థం వచ్చే మాట భారత్, చైనాల పట్టుదలతో చేరింది. ఎవరి వంతు ఎంతో వారే చెప్పుకునే పద్ధతికి అది నాంది. 2015 డిసెంబరు 12న ప్యారిస్‌లో, సంపన్న దేశాల తగ్గింపుల గురించిన వాక్యంలో ‘తప్పనిసరి’ని సూచించే క్రియాపదం చివరి క్షణంలో అమెరికా కంటపడింది, అది ఉంటే సెనేట్ ఆమోదం అవసరమవుతుంది గనుక, ‘చేయడం తగును’ అన్న అర్థం వచ్చే మాటగా మార్చి, ముద్రణ దోషాల సవరణల జాబితాలో కలిపి కార్యదర్శి వర్గం చదివేసింది. ఆ ఏడాది ముసాయిదాను సిద్ధం చేసిన బృందపు ఇద్దరు సహాధ్యక్షుల్లో ఒకరు, 1991లో దాస్‌గుప్తా పక్కన ఉపాధ్యక్షుడిగా కూర్చున్న జోగ్లాఫ్.

ప్యారిస్ ఒప్పందంలో అనుబంధాల ప్రస్తావన లేదు. ఉమ్మడిగా ఉంటూనే వేర్వేరైన బాధ్యతలన్న మాట మిగిలింది గాని, ‘భిన్న జాతీయ పరిస్థితుల వెలుగులో’ అన్న తోకతో మిగిలింది. 2014 నవంబరులో అమెరికా, చైనాలు కలిసి చేసిన ప్రకటనలోంచి వచ్చిన ఆ తోక, 1992లో స్థిరమైన జాబితాగా ఉన్న తేడాను మారుతూ పోయే తేడాగా మార్చింది. అయితే తొమ్మిదో అధికరణంలో, ఒడంబడిక కింద అప్పటికే ఉన్న కర్తవ్యాలకు కొనసాగింపుగా సంపన్న దేశాలు నిధులు ఇవ్వాలన్న చోట మాత్రం తప్పనిసరి క్రియాపదమే నిలిచింది. 2024లో బాకు సదస్సు 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్ల లక్ష్యాన్ని సుత్తి దెబ్బతో ఆమోదించిన వెంటనే భారత ప్రతినిధి లేచి, అది చాలా తక్కువని, తమ మాట వినకుండానే ఆమోదించారని నిరసించినప్పుడు, ఆ వాదన ఆనుకున్న గోడ 1992లో కట్టినదే. అంతకు మూడేళ్ల ముందు గ్లాస్గోలో బొగ్గు వాడకాన్ని ‘ఆపివేయడం’ అన్న మాటను ‘తగ్గించుకుంటూ పోవడం’గా భారత్ మార్పించినప్పుడు లోకం విమర్శించింది, సింగరేణి గనుల మీద, రామగుండం వంటి థర్మల్ కేంద్రాల మీద ఆధారపడిన ప్రాంతాలకు ఆ రెండు మాటల మధ్య దూరం నిఘంటువులో కనిపించేదాని కంటే చాలా ఎక్కువ.

కృష్ణా తీర్పుతో మొదలుపెట్టిన పోలికను ఇక్కడ ముగించవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు నీటిని పంచుతుంది, ఆనకట్ట దగ్గర గేట్లు దాన్ని అమలు చేస్తాయి. వాతావరణ ఒడంబడిక వెనుక అలాంటి గేట్లు లేవు. దాస్‌గుప్తా తరం సాధించిన వాక్యాలు సంపన్న దేశాల చేత నిధులు పూర్తిగా ఇప్పించలేకపోయాయి, వాయువుల రాశిని ఆపలేకపోయాయి. ఆ అర్థంలో వారి గెలుపు కాగితం మీది గెలుపే. కానీ ఇవ్వకపోవడాన్ని మాట తప్పడంగా గుర్తించాలంటే మొదట మాట ఇచ్చినట్టు రాసి ఉండాలి. ఒడంబడికలో ఆ వాక్యాలు లేకపోతే బాకు సభలో లేచిన నిరసన యాచన అయ్యేది. అవి ఉన్నందువల్ల అది బాకీ అడగడం అయింది. వాతావరణ దౌత్యవేత్త వృత్తి చేయగలిగిన పని అంతే, చేసిన పనీ అదే: తీరని బాకీకి చెల్లని నోటు కాకుండా, గడువు తీరని పత్రం ఉండేలా చూడటం.